కత్తి తయారీ నేర్చుకుందాం – 4వ పాఠం: పదును పట్టడం

పోయిన పాఠం దాకా చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు లారీ కమాన్ పట్టీ ముక్కలోంచి కోసి, ఆకురాయితో రుద్ది తీసిన అయిదంగుళాల వంటింటి కత్తి ఉండాలి. చూడ్డానికి కత్తే. కానీ దాంతో నాలుగు మాంసం బొక్కలు కొట్టి చూడండి, అంచు ఒరిగిపోతుంది, ఎందుకంటే కోయడానికి సులువుగా ఉండాలని రెండో పాఠంలో మనమే దాన్ని కాల్చి, బూడిదలో కప్పి మెత్తబరిచాం. ఇవాళ దానికి ప్రాణం పోయాలి.

మన వరంగల్ పల్లెల్లో వాన పడి రెండ్రోజులు తెరిపిస్తే ‘నేల పదునుమీదుంది’ అంటారు చూడండి, అటు బురద కాదు, ఇటు గడ్డ కాదు, నాగలి హాయిగా దిగే అదును అన్నమాట. ఉక్కు పదును కూడా అంతే, మెత్తగా ఉంటే ఒరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే గాజులా విరుగుతుంది, ఆ రెంటి మధ్యకు తేవాలి. అందుకే పని రెండు దఫాలు: ముందు పూర్తిగా గట్టిపరచడం, తర్వాత ఆ గట్టిదనాన్ని కొంచెం దించడం.

మొదలుపెట్టేముందు అంచు మందం చూసుకోండి. రూపాయి బిళ్లంత మందం ఉండాలి, అంతకన్నా సన్నగా రుద్దేస్తే నూనెలో ముంచగానే వంకర పోతుంది.

కొలిమిలో కట్టె బొగ్గులు పోసి చిన్న బ్లోయర్‌తో గాలి పెట్టండి, కత్తిని అటూ ఇటూ జరుపుతూ నిదానంగా కాల్చండి. ఎంత కాలాలో చెప్పేది అయస్కాంతం. పాత స్పీకర్‌లోంచి తీసిన ముక్కను తీగకు కట్టి పక్కన వేలాడదీయండి. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కణ్నుంచి ఇంకాస్త, 820 - 830 దాకా, అంటే రంగు ఒక మెట్టు వెలిగేదాకా పోనిచ్చి ఆపేయాలి. ఈ పని పగలు చేయొద్దు. నర్సంపేట వైపు ఒక ముసలి కమ్మరి నాకు చెప్పిన మొదటి మాట అదే, ‘ఎండల ఎరుపు కనపడది బిడ్డా, మాపటికి రా’ అని. ఆయన మాట నిజం, ఎండలో కనపడని ఎరుపు చీకట్లో బాగా మండుతుంటుంది, మనం ఇంకా కాలలేదనుకుని కాలుస్తూనే ఉంటాం.

ఎక్కువ కాలితే ఏమవుతుందో మన నేలకు బాగా తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా వర్తకుల చేతుల్లో దేశాలు దాటింది. అలాంటి మూస ఉక్కును యూరప్ కమ్మర్లు తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి సమ్మెట వేస్తే ముక్కలుముక్కలైంది, అందులో కార్బన్ ఎక్కువ కాబట్టి తక్కువ ఎరుపు మీదే సాగదీయాలి. మన కమాన్ పట్టీలో కార్బన్ 0.6 శాతం దగ్గర్లోనే ఉంటుంది, అంత సుకుమారం కాదు, అయినా ఎక్కువ కాలిస్తే లోపలి రేణువులు ఉబ్బి పెళుసవుతుంది.

ఇక ముంచడం. పల్లినూనె మూడు నాలుగు లీటర్లు ఇనుప డబ్బాలో పోసి, కాల్చిన ఇనుప కడ్డీ ముంచి 50 - 60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. పక్కన ఇనుప మూత ఉండాల్సిందే, నూనె అంటుకుంటే మూసేయడానికి, దాని మీద నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయొద్దు. కత్తిని కొలిమి నుంచి తీసి, ఆలస్యం చేయకుండా ముక్కు కిందికి పెట్టి నిలువుగా దించండి, అంచు వైపు, వీపు వైపు ఊపొచ్చు గానీ పక్కలకు ఊపితే వంగుతుంది.

నా మొదటి కత్తిని నీళ్లలో ముంచాను. టిక్కుమని చిన్న చప్పుడు, తీసి చూస్తే అంచు నుంచి పైకి వెంట్రుకంత చీలిక, మూడు ఆదివారాల కష్టం. నీళ్లు వేడిని మరీ తొందరగా లాగుతాయి, అంచు గట్టిపడిపోయేసరికి వీపు ఇంకా ఎర్రగానే ఉంటుంది, ఆ గుంజులాటలో చీలుతుంది. మరి కమ్మరి కొడవలిని నీళ్లలోనే ముంచుతాడు కదా అంటే, ఆయన అంచు మాత్రమే తడిపి పైకి తీస్తాడు, వీపులో మిగిలిన వేడి అంచుకు దిగుతుంటే రంగు చూసి ఆపుతాడు, అది ఏళ్ల తరబడి పట్టుబడిన చెయ్యి.

చల్లారాక అంచు మీద ఆకురాయి పెట్టి లాగండి. గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది, పట్టి కొరికితే మళ్లీ కాల్చాల్సిందే. ఇప్పుడు కత్తి కింద పడినా విరుగుతుంది కాబట్టి అదే రాత్రి దించాలి: ఓటీజీలో, అంటే వంటింటి కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల మీద రెండు గంటలు, చల్లారనిచ్చి మళ్లీ రెండు గంటలు. ఓవెన్ బటన్‌ను నమ్మకండి, లోపల చిన్న థర్మామీటర్ పెట్టుకోండి. ముందే ఒక పక్క మెరిసేలా రుద్ది ఉంచితే ఎండుగడ్డి రంగు లేతగా పాకడం కనిపిస్తుంది, నీలం వచ్చిందంటే అంచు మెత్తబడినట్టే.

అసలు కత్తి ముట్టుకునే ముందు ఈ వారం ఒక పని చేయండి. అదే పట్టీలోంచి వేలెడు ముక్కలు మూడు కోసి, ఒకటి అయస్కాంతం వదలకముందే, ఒకటి సరిగ్గా, ఒకటి నారింజ రంగు దాటేదాకా కాల్చి నూనెలో ముంచండి. కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి కొట్టండి. మొదటిది వంగుతుంది. రెండోది విరిగినచోట ఆరిన సిమెంటులా సన్నటి రేణువులతో, బూడిద రంగులో ఉంటుంది, మూడోది చక్కెర పలుకుల్లా మెరుస్తుంది. మూడింటినీ డబ్బాలో దాచిపెట్టుకోండి, తుమ్మ కర్ర పిడి పాఠానికి ముందు వాటితో ఇంకో పనుంది.