పళ్ళకు పట్టిన గార తీయించుకోవడం ఎలా? మళ్ళీ పట్టకుండా ఏం చేయాలి?

కాలవ రేవులో నీళ్ళు తగిలే చివరి మెట్టు మీద కాలు పెడితే సర్రున జారుతుంది. అక్కడ పట్టినదాన్ని పాచి అంటాం. పొద్దున్నే లేవగానే పళ్ళ మీద ఉండేదీ పాచే. రెండూ ఒక జాతివే: తడి ఆడేచోట గట్టిగా ఉన్నదాన్ని కరుచుకుని బతికే సూక్ష్మజీవుల జిగురు పొర. పళ్ళ మీది పొరను రోజూ రుద్ది తీసెయ్యకపోతే ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు అందులోకి దిగి రాయిలా బిగుసుకుంటుంది. పాత మేడల గోడలకు సున్నంతో పూసిన పూత పేరే దానికీ పెట్టారు, గార అని. ఎవరు పెట్టారో గానీ బాగా చూసి పెట్టిన పేరు.

పాచి తీయడం మీ పని. గార తీయడం పళ్ళ డాక్టరు పని. చిక్కంతా ఈ రెండు పనులూ తారుమారు చేసుకోవడంలోనే ఉంది. గారను ఇంట్లో గీకబోయి పన్ను పాడుచేసుకునేవాళ్ళు కొందరు. క్లీనింగ్ చేయించుకున్నాం కదా అని రాత్రిపూట బ్రష్ మానేసేవాళ్ళు ఇంకొందరు.

ముందు నోట్లో ఏముందో చూసుకోండి

చేతి అద్దం, సెల్‌ఫోన్ లైటు చాలు. రెండు చోట్లు చూడాలి. ఒకటి, కింది ముందు పళ్ళకు లోపలివైపు, నాలుక ఆనే చోటు. రెండోది, పై వరుసలో వెనక ఉండే నమిలే పళ్ళకు బుగ్గవైపు. ఉమ్మి గ్రంథుల గొట్టాలు సరిగ్గా ఈ రెండు చోట్లకు ఎదురుగానే తెరుచుకుంటాయి. ఖనిజాలున్న ఉమ్మి ముందుగా తడిపేది వీటినే కాబట్టి గార పట్టడం ఇక్కడే మొదలవుతుంది.

నాలుక కొనతో కింది పళ్ళ లోపలివైపు తడమండి. నున్నగా, ఏ పన్నుకు ఆ పన్ను విడిగా తెలిస్తే మంచిదే. గరుగ్గా, పళ్ళ సందులు పూడిపోయి గోడలా ఒకటే తగిలితే అది గార. శుభ్రమైన గోరుతో మెల్లగా గీసినప్పుడు తెల్లగా, మెత్తగా వచ్చేది పాచి. కదలకుండా పసుపుపచ్చగానో గోధుమరంగుగానో ఉండిపోయేది గార.

కనిపించే గార కన్నా కనిపించనిది ప్రమాదం. చిగురు కిందికి దిగిన గార నల్లగా, ఇంకా గట్టిగా ఉంటుంది. దాన్ని అద్దంలో చూడలేం, గుర్తులను బట్టి పట్టుకోవాలి. బ్రష్ చేస్తుంటే రక్తం రావడం, చిగురు అంచు ఎర్రగా ఉబ్బడం, ఎంత తోముకున్నా పోని వాసన, పళ్ళు మునుపటికన్నా పొడుగ్గా కనిపించడం, ఏదైనా పన్ను కదలడం ఆ గుర్తులు. చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నికోటిన్ వల్ల చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోతాయి, అందుకని లోపల జబ్బు ముదురుతున్నా రక్తం కనపడదు. లంక పొగాకు చుట్ట నలభై ఏళ్ళుగా కాలుస్తున్న తాతగారు "నాకెప్పుడూ చుక్క రక్తం రాలేదు" అంటే అది చిగుళ్ళు గట్టివనడానికి సాక్ష్యం కాదు.

పాచి గారగా మారడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టదు. తోముకున్న కొన్ని గంటలకే కొత్త పొర మొదలవుతుంది. వదిలేసినచోట రెండు మూడు రోజుల్లో గట్టిపడసాగి, పది పన్నెండు రోజుల్లో బ్రష్‌కు లొంగని స్థితికి వస్తుంది. మనిషిని బట్టి ఈ వేగం మారుతుంది. ఒకే ఇంట్లో ఒకే పేస్టుతో తోముకునే అన్నదమ్ములలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పట్టేది అందుకే.

గీకొద్దు, కరిగించొద్దు

ఆన్‌లైన్‌లో దొరికే స్టీలు కొక్కేలు, గుండుసూది, బ్లేడు ముక్క: వీటితో గార పెచ్చు ఊడివచ్చిన మాట నిజమే కావచ్చు. కానీ పైపెచ్చు ఊడుతుంది, చిగురు కిందిది అలాగే ఉంటుంది. పైగా జారిన కొన చిగురును కోస్తుంది, పన్ను మీద గీతలు పెడుతుంది. ఆ గీతల్లో పాచి మునుపటికన్నా బాగా నిలుస్తుంది.

నిమ్మరసం, వెనిగర్, రోడ్డు పక్కన సీసాలో పెట్టి "అయిదు నిమిషాల్లో తెల్లటి పళ్ళు" అని అమ్మే ద్రావకాలు ఇంకా చెడ్డవి. గార ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు. పంటి మీది ఎనామెల్ కూడా కాల్షియం ఫాస్ఫేటే. గారను కరిగించే పులుపు పన్నును చూసి ఆగదు. గార మళ్ళీ పెరుగుతుంది, కరిగిపోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. కచ్చిక, బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు గారను తీయలేవు. చిగురు దగ్గర పంటి మెడను మాత్రం అరగదీసి గాడి పెడతాయి. ఆ తర్వాత చల్లటి ముంజె కొరికినా జివ్వుమంటుంది.

గార తగ్గిస్తాయని అమ్మే పేస్టుల్లో పైరోఫాస్ఫేటు, జింకు సిట్రేటు లాంటివి ఉంటాయి. అవి కొత్త గార పేరుకోవడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. ఉన్న గారను ముట్టుకోలేవు.

ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

మామూలు క్లీనింగ్‌ను బీడీఎస్ చదివిన ఏ పళ్ళ డాక్టరైనా చేస్తారు. పళ్ళు కదులుతుంటే, చీము వస్తుంటే చిగుళ్ళ జబ్బుల్లో ఎండీఎస్ (బీడీఎస్ పైచదువు) చేసినవారి దగ్గరకు వెళ్ళడం మేలు. గోదావరి డెల్టాలో దీనికి దూరం పోనక్కర్లేదు. భీమవరంలో, అమలాపురంలో, రాజమహేంద్రవరం పక్కన రాజానగరంలో డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి, సగం రోజు దానికే అనుకోండి. ప్రైవేటు క్లినిక్‌లో అయితే ధర ముందే అడగండి. పరికరాలు ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపిన) కవరులోంచి మీ ముందు తీస్తున్నారా అన్నది కూడా చూడండి. అడిగితే మంచి డాక్టరెవరూ ఏమీ అనుకోరు.

కుర్చీలో కూర్చోకముందే ఈ సంగతులు చెప్పాలి:

- రక్తం పలచబడే మాత్రలు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్) వాడుతుంటే ఆ మాట. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. స్టెంట్ వేసుకున్నవాళ్ళు అలా ఆపితే వచ్చే ముప్పు చిగురు నుంచి కారే నాలుగు చుక్కల కన్నా చాలా పెద్దది.
- గుండెలో కృత్రిమ కవాటం ఉంటే. వీళ్ళకు క్లీనింగ్‌కు ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.
- పేస్‌మేకర్ ఉంటే. అప్పుడు గార తీసే యంత్రాల్లో ఏ రకం వాడాలో డాక్టరు చూసుకుంటారు.
- షుగరు ఉంటే ఇటీవలి రిపోర్టు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు షుగరును అదుపు తప్పిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.
- బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే. కొందరికి దానివల్ల చిగుళ్ళు పెరిగి పళ్ళ మీదికి వస్తాయి.
- గర్భం. క్లీనింగ్ చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పడుకోవడానికీ సుఖం.

జలుబు, దగ్గు, జ్వరం ఉన్నప్పుడు వాయిదా వేసుకోండి. యంత్రం నీటి తుంపర గదంతా చిమ్ముతుంది. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు.

కుర్చీలో ఏం జరుగుతుంది

మొదట కొలత. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లను చిగురుకూ పన్నుకూ మధ్య దించి లోతు చూస్తారు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లయితే ఆరోగ్యం. నాలుగు, అంతకు మించి ఉంటే చిగురు పన్నును వదిలి సంచిలా మారిందేమోనని అనుమానించాలి. కొందరు ఈ కొలత తీసుకోకుండానే యంత్రం పెట్టేస్తారు. "లోతు ఎంతుందండీ?" అని మీరే అడగండి. ఎముక కరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే తీస్తారు.

తర్వాత స్కేలింగ్. యంత్రం కొన సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపించి గారను పెచ్చులుగా విడగొడుతుంది. కొన వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి, ఆ నీళ్ళే పెచ్చులనూ కడిగేస్తాయి. అది డ్రిల్లు కాదు, తిరగదు, కోయదు. కొనను పన్నుకు వాలుగా, తేలిగ్గా ఆనించి కదుపుతూ పోవాలి. ఒకేచోట నిలువుగా గుచ్చి ఉంచితే నొప్పి, గీత రెండూ వస్తాయి. జివ్వుమంటే ఎడమ చెయ్యెత్తండి, ఆపుతారు. సన్నటి సందుల్లో మిగిలినదాన్ని చేతి పరికరాలతో తీస్తారు.

చివర పాలిషింగ్. రబ్బరు కప్పుతో ప్యూమిస్ (మెత్తటి రాతిపొడి) ముద్ద రుద్ది పన్నును నున్నగా చేస్తారు. టీ, కిళ్ళీ కాచు మరకలు పోయేది ఇక్కడ. మామూలు గారయితే మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట.

సంచులు లోతుగా ఉంటే ఇంతటితో అయిపోదు. ఆ చోటికి మాత్రం మత్తు ఇచ్చి, చిగురు కిందికి దిగి వేరు మీది గార తీయాలి. దాన్ని రెండు మూడు దఫాలుగా, నోటిని భాగాలు చేసుకుని చేస్తారు. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసినట్టే, పైన తేలే గుర్రపుడెక్క లాగేస్తే సరిపోదు, అడుగుదాకా పోవాలి.

క్లీనింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయా?

మనవైపు చాలామందిని ఆపేది ఈ మాటే. గార పళ్ళ సందులు నింపి, ఎముక కరిగిపోయిన పళ్ళను కూడా సిమెంటు పోసినట్టు కట్టి ఉంచుతుంది. అది తీయగానే సందులు కనిపిస్తాయి, అప్పటికే వదులైన పన్ను కదలిక తెలుస్తుంది. వదులు చేసింది క్లీనింగ్ కాదు, ఇన్నాళ్ళూ గార చేసిన పని బయటపడింది. గార ఎక్కువగా ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోవడం వల్లే ఆ అపోహ ఊళ్ళో తిరుగుతోంది.

ఒక్కటి నిజం: చిగురు వాపు దశలో గార తీయిస్తే చిగురు పూర్తిగా మామూలవుతుంది. ఎముక కరిగాక తీయిస్తే జబ్బు ఆగుతుంది, పోయిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు.

ఆ తర్వాత వారం

మొదటి రోజు కొంచెం రక్తం చారలు కనిపించవచ్చు. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడుసార్లు పుక్కిలించండి. చల్లటివి, పుల్లటివి తగిలితే జివ్వుమనడం కొద్దిరోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటితే మళ్ళీ చూపించుకోండి. చేపల పులుసు లాంటి కారం, పులుపు రెండూ గట్టిగా పడినవి రెండు రోజులు పక్కన పెట్టండి. చుట్ట, ఖైనీ, కిళ్ళీ ముట్టుకోకపోతే చిగురు త్వరగా మానుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పట్టి, రుచి మారుతుంది. బ్రష్ చేశాక అరగంట ఆగి వాడండి, పేస్టులోని నురగ పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది.

రోజూ పాచి తీసే పద్ధతి

మెత్తటి బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు. బ్రష్ కుచ్చును సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద పడేలా 45 డిగ్రీల వాలుగా ఆనించి, రెండేసి పళ్ళ దగ్గర చిన్నచిన్నగా పది సార్లు కదపండి. గోడకు వెల్లవేసినట్టు అడ్డంగా లాగొద్దు. కింది ముందు పళ్ళ లోపలివైపు బ్రష్ నిలువుగా పట్టుకోవాలి. అందరూ వదిలేసేదీ, గార పట్టేదీ అక్కడే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. రెంటిలో రాత్రిది ముఖ్యం, నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది. మామిడితాండ్ర, కాజా తిని అలాగే పడుకుంటే పాచికి రాత్రంతా విందే. పేస్టు ఉమ్మేయండి, ఆ వెంటనే గ్లాసుల కొద్దీ నీళ్ళతో పుక్కిలించొద్దు. పళ్ళ సందుల్లో రాత్రి ఒకసారి పళ్ళ దారం (ఫ్లాస్) ఆడించండి, సందులు పెద్దవైతే సందుల బ్రష్.

వేపపుల్ల చెడ్డది కాదు. బాగా నమిలి కుచ్చు చేసుకుంటే బయటివైపు శుభ్రం చేస్తుంది, కానీ కింది పళ్ళ లోపలివైపు వంగదు.

ఎన్నాళ్ళకోసారి

సాధారణంగా ఆరు నెలలకు. గార పెద్దగా పట్టనివాళ్ళకు డాక్టరు ఏడాది గడువు ఇవ్వవచ్చు. చిగుళ్ళ జబ్బు వచ్చి తగ్గినవాళ్ళు, పొగాకు వాడేవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు మూడు నాలుగు నెలలకే వెళ్ళాలి. తేదీలు గుర్తుండవంటారా, సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యాక ఒకసారి, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఒకసారి. పోయినసారి కొలిచిన లోతు అంకెలు రాసిన కాగితం వెంట పట్టుకెళ్ళండి. అయిదు మిల్లీమీటర్లున్నచోట మూడుకొచ్చిందా, ఆరుకు పోయిందా అన్నది చూశాకే డాక్టరు తర్వాతి గడువు ఎంతో చెప్పగలరు.