ఒక్క స్లాష్‌తో వచ్చిన చిక్కు

షెర్లాక్ హోమ్స్, వాట్సన్‌ల స్నేహం మీద ఒక ఫ్యాన్ ఫిక్షన్ (ఇష్టమైన పాత్రలతో అభిమానులు రాసుకునే కథ) రాశాను. వాట్సన్‌కి జ్వరమొస్తే హోమ్స్ తెల్లవార్లూ పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటాడు, అంతే కథ. పాఠకులు కథల్ని వెతుక్కునే ట్యాగ్‌లో మాత్రం ‘హోమ్స్/వాట్సన్’ అని పెట్టేశాను. చదివినవాళ్లు “ఇందులో ప్రేమ ఎక్కడుంది?” అని అడిగారు. చాలా బాధేసింది, ఎందుకంటే వాళ్ల తప్పేమీ లేదు.

ఫ్యాన్ ఫిక్షన్ ట్యాగుల్లో పేర్ల మధ్య స్లాష్ (/) ప్రేమజంటకి; స్నేహానికీ, కుటుంబ బంధానికీ ‘&’. 1970లలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానులు అందులోని పాత్రల మీద ‘కిర్క్/స్పాక్’ అని రాసుకున్న ప్రేమకథల నుంచే ఈ వాడుక పుట్టింది. ఆ కోవ కథలకి స్లాష్ అన్న పేరే స్థిరపడిపోయింది.

ట్యాగ్‌ని ‘హోమ్స్ & వాట్సన్’ అని మార్చాను. పోలీస్ ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్ ఒక్క వాక్యంలోనే కనిపిస్తాడు కాబట్టి ‘హోమ్స్ & లెస్ట్రేడ్’ అన్న ఇంకో ట్యాగ్‌ని తీసేశాను. అతని కోసమే వెతుక్కుంటూ వచ్చినవాళ్లని ఉసూరుమనిపించడం నాకిష్టం లేదు.