రింగ్ దాకా డ్రైవ్ చేయాలంటే స్పీడు ఒక్కటే చాలదు

కాకినాడ నుంచి భీమవరం దాకా ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ గ్రౌండుకెళ్లినా బాగా పరిగెత్తే కుర్రాళ్లకు కొదవ లేదు. కానీ బాల్ చేతికి రాగానే తల దించుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒకే స్పీడులో దూసుకెళ్లి, అడ్డంగా నిలబడ్డ రెండో డిఫెండర్ ఛాతీకి గుద్దుకుని ఫౌల్ తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. డ్రైవ్‌లో, అంటే బాల్ నేలకు కొడుతూ రింగ్ వైపు దూసుకెళ్లడంలో, అసలు పని చేసేది స్పీడులో వచ్చే మార్పు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ముందు తాపీగా అటూ ఇటూ కదిలి, ఎదుటివాడు కాస్త ఏమరగానే ఒక్కసారిగా కాలు విసురుతాడు చూడు, అచ్చం అదే.

బాల్ అందుకున్నాక వెంటనే నేలకు కొట్టకు. మోకాళ్లు వంచి, బాల్ నడుము దగ్గర పెట్టుకుని, డిఫెండర్ పాదాలు చూడు. వాడి ఏ కాలు ముందుకుంటే ఆ వైపు నుంచే వెళ్లు, ఎందుకంటే నిన్ను ఆపాలంటే వాడు ఆ కాలు వెనక్కి లాగి ఒళ్లు మొత్తం తిప్పాలి, ఈలోగా నువ్వు దాటేస్తావు. రెండు పాదాలూ సమానంగా ఉంటే కుడికాలితో చిన్న స్టెప్ వేసి బెదిరించు, లేదా షాట్ కొడుతున్నట్టు బాల్ కాస్త పైకెత్తు, వాడు నిటారుగా లేచాడంటే నీ పని సగం అయిపోయింది.

ఇక మొదటి అడుగు. ఇది పొడవుగా ఉండాలి, నీ భుజం వాడి నడుము పక్కనుంచి రాసుకుంటూ పోవాలి, అంత దగ్గరగా. మనవాళ్లు చాలామంది డిఫెండర్ చుట్టూ పెద్ద వంపు తిరిగి వెళ్తారు, దాంతో వాడికి కోలుకునే టైమ్ వాళ్లే ఇచ్చినట్టు అవుతుంది. రింగ్ వైపు నేరుగా గీత గీసినట్టు వెళ్లాలి. ఒక్క జాగ్రత్త: పివట్ కాలు (కదలకుండా నేలకు ఆనించి ఉంచిన కాలు) నేల మీద నుంచి లేవకముందే బాల్ చెయ్యి దాటాలి, లేకపోతే ట్రావెలింగ్, అంటే బాల్ పట్టుకుని నడిచిన తప్పు. ఆ అలవాటు పడేదాకా ఈ ఒక్క అడుగునే నిదానంగా, బోర్ కొట్టినా సరే, చేస్తూ ఉండు. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొలత ప్రకారం త్రీ పాయింట్ లైన్ (దీని బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు) రింగ్ మధ్య నుంచి 6.75 మీటర్లు. అక్కడ మొదలుపెట్టి రెండు డ్రిబుల్స్‌లో, అంటే బాల్‌ను రెండుసార్లే నేలకు కొట్టి, లే-అప్ (రింగ్ దగ్గరికెళ్లి ఎగిరి వేసే షాట్) దాకా చేరేలా ప్రాక్టీస్ చెయ్యి, మొదట్లో మూడు పడితే కంగారు లేదు.

దారిలో ఇంకొకడు కనిపిస్తే ఒక్క క్షణం నెమ్మదించి, తలెత్తి రింగ్ వైపు చూడు. షాట్ అనుకుని వాడు లేస్తాడు, అప్పుడు మళ్లీ స్పీడందుకో. క్రాసోవర్ (బాల్‌ను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చి దిశ తిప్పడం) తర్వాత నేర్చుకోవచ్చు, నా లెక్కలో ఆగి వెళ్లడం వచ్చినవాడికి దానితో అంత పని పడదు.

ఫినిషింగ్ దగ్గర రింగ్ వెనక బోర్డు మీద గీసిన చిన్న దీర్ఘచతురస్రాన్ని వాడుకో. పక్క నుంచి వస్తే నీ వైపు పైమూలకు మెత్తగా తగిలిస్తే చాలు, గట్టిగా విసరనక్కర్లేదు. ఎడమ వైపు వెళ్తే ఎడమ చేత్తోనే వెయ్యాలి, కుడి చేత్తో వేస్తే బాల్ నేరుగా డిఫెండర్ ముందుకే వస్తుంది. ఎడమచేతి లే-అప్‌లు రాక ఆగిపోయిన మంచి ప్లేయర్లు మన జిల్లాల్లో బోలెడంతమంది. ఒళ్లు తగిలినా షాట్ చెడకూడదంటే ఫ్రెండ్‌ని రింగ్ కింద నిలబెట్టి, పాత దిండుతో పక్క నుంచి భుజానికి తోయమను, నవ్వులాటగా ఉన్నా బాగా పనిచేస్తుంది.

వర్షాకాలం మాత్రం జాగ్రత్త. మన సిమెంటు కోర్టులకు పాచి పడుతుంది, దాని మీద ఒంటికాలి మీద దిశ మార్చావంటే మోకాలు పోతుంది. అలాంటప్పుడు వరండాలో డ్రిబ్లింగ్ చేసుకో. ఉక్కపోత రోజుల్లో చెమటకు రబ్బరు బాల్ జారిపోతుంది కాబట్టి తువాలు దగ్గర పెట్టుకో, మధ్యమధ్యలో ఉప్పేసిన మజ్జిగ తాగు.

ఇంకోటి, ప్రతి డ్రైవూ లే-అప్‌తోనే ముగియాలని రూలేం లేదు. రెండోవాడు నీ మీదకు వచ్చాడంటే కార్నర్‌లో మీవాడు ఒకడు ఖాళీ అయ్యాడని అర్థం. అలాంటప్పుడు రెండు కాళ్ల మీద ఆగి, బాల్ గడ్డం కింద రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వాడికి పాస్ ఇచ్చెయ్. ఒకటి రెండు సార్లు అక్కడి నుంచి త్రీ పడిందంటే, తర్వాతిసారి ఆ రెండోవాడు నీ మీదకు రావాలా వద్దా అని తటపటాయిస్తాడు. అప్పుడు ఆగకుండా వెళ్లి వేసెయ్.