విండోస్ 11 వేశాక సిస్టమ్ మొరాయిస్తే

విశాఖపట్నం మద్దిలపాలెంలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, స్పైరల్ బైండింగ్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. షాపులో రెండు సిస్టమ్‌లున్నా మాకు అన్నం పెట్టేది ఒక్కటే. 2019లో అసెంబుల్ చేయించింది. ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్. రెండోది అంతకంటే పాతది, ప్రింట్లు తీయడానికి మాత్రమే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని తెలిసి, ఆ నెలలోనే ఒక ఆదివారం సాయంత్రం సింహాద్రి అప్పన్న మీద భారం వేసి 11కి మార్చేశాను. సోమవారం పొద్దున్న స్విచ్ వేసి, టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా డెస్క్‌టాప్ రాలేదు. మర్నాడు గడియారం పెట్టి చూస్తే ఆరు నిమిషాల నలభై సెకన్లు. పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ తెరవడానికి ఇంకో రెండు నిమిషాలు. కూతురి పెళ్లి పత్రిక ప్రూఫ్ చూసుకుందామని భీమిలి నుంచి వచ్చిన పెద్దాయన స్టూలు మీద కూర్చుని "ఏటమ్మా, ఇంకా అవనేదా?" అని మూడోసారి అడిగేసరికి నాకు చెమటలు పట్టాయి.

తర్వాతి పదిహేను రోజుల్లో ఏమేం చేశానో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది దండగో చెబుతాను. జమాఖర్చుల పుస్తకం వెనక పేజీల్లో తేదీ, చేసిన మార్పు, సిస్టమ్ ఆన్ అవడానికి పట్టిన సమయం రాసుకుంటూ వచ్చాను. మీరూ రాసుకోండి. ఒకే రోజు ఐదు మార్పులు చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు.

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా షాపు కిటికీ అద్దం పగిలి, వాన నేరుగా సీపీయూ మీద కొట్టింది. ఐదేళ్ల డిజైన్లు పోయాయి. అప్పటి నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ ఇంట్లో పెడుతున్నాను. ఈసారి ఆ అలవాటే కాపాడింది, ఎలాగో కింద చెబుతాను.

మొదటి రెండు రోజులు ఓపిక పట్టండి

అప్‌గ్రేడ్ అయిపోయిందని స్క్రీన్ మీద వచ్చినా లోపల పని అయిపోయినట్టు కాదు. ఫైళ్లన్నిటికీ సెర్చ్ కొత్తగా సూచీ తయారు చేసుకుంటుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ చేస్తుంది, వెనక నుంచి డ్రైవర్లు, అప్‌డేట్లు దిగుతుంటాయి. కొత్తింట్లో దిగిన రోజు వంటింట్లో గరిటె దొరకనట్టే ఇదీ. రాత్రి స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి, మానిటర్ మాత్రం ఆపేసి, సిస్టమ్‌ని ఆన్‌లో వదిలేయండి. కరెంటు పోతే మధ్యలో ఆగకుండా యూపీఎస్ ఉంటే మంచిది.

అలా వదిలేశాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. రెండూ ఒకటే అనుకునేదాన్ని, కావు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మర్నాడు దాన్నే లేపుతుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్ టైమ్ అని ఉంటుంది. రోజూ రాత్రి ఆపుతున్నాను కదా అనుకుంటున్న నాకు అక్కడ పదకొండు రోజులు కనబడింది. ఇది తర్వాతెప్పుడో చూసినమాట, కానీ మీరు ముందే చూసుకోండి.

ఇంకో సంగతి, ఇది గడువున్న సంగతి. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల లోపు మాత్రమే వెనక్కి పోయే దారి ఉంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అనే బటన్. పాత విండోస్ అంతా సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. మన అసెంబుల్డ్ సిస్టమ్‌లలో సి డ్రైవ్‌కి 100 జీబీ కోసి మిగతాదంతా డి, ఇలకి ఇవ్వడం అలవాటు కదా, నాకు సి డ్రైవ్‌లో మిగిలింది 3 జీబీ! అలాంటప్పుడు ఆ ఫోల్డర్ తీసేయాలని చెయ్యి లాగుతుంది. తీసేస్తే వెనక్కి దారి మూసుకుపోతుంది. అందుకని ముందు డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ మీది పెద్ద ఫైళ్లు డి లోకి మార్చండి. ఇక 11లోనే ఉండాలని తేల్చుకున్నాకే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి పాత విండోస్‌ని తీసేయండి. సి డ్రైవ్‌లో ఎప్పుడూ 20 జీబీ దాకా ఖాళీ ఉంచుకుంటే అప్‌డేట్లు ఇబ్బంది పెట్టవు.

రోగం ఎక్కడో టాస్క్ మేనేజర్ చెబుతుంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. ప్రాసెసెస్ పేజీలో పైన సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని శాతాలు ఉంటాయి. సిస్టమ్ బాగా నెమ్మదిగా ఉన్న సమయంలోనే చూడాలి, తీరిగ్గా ఉన్నప్పుడు చూస్తే అందరూ బుద్ధిమంతుల్లానే ఉంటారు. ఎక్కడ శాతం ఎక్కువగా ఉందో ఆ మాట మీద నొక్కితే ఎక్కువ వాడుకుంటున్నవాళ్లు పైకి వస్తారు.

నాకు సీపీయూ 20 శాతం, మెమరీ 91, డిస్క్ 100. నాలుగో రోజు కూడా అంతే. సూచీ తయారుచేసే ఇండెక్సర్ పని అయిపోయింది, యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, అంటే డిఫెండర్, కూడా తగ్గింది. మరి డిస్క్‌ని తింటున్నది ఎవరు? ఒక వాటా నాదే. అప్‌గ్రేడ్ అయ్యాక వన్‌డ్రైవ్, అంటే ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్, ఏదో అడిగితే చదవకుండా ఒప్పేసుకున్నాను. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌లో ఉన్న థీసిస్‌లన్నీ అది పైకి ఎక్కిస్తోంది. టాస్క్‌బార్ చివర మేఘం గుర్తు మీద నొక్కి, సెట్టింగ్స్ చక్రంలో పాజ్ సింకింగ్ అంటే 2, 8 లేదా 24 గంటలు ఆపుకోవచ్చు. అది ఆపాక డిస్క్ కాస్త తెరిపిన పడింది. మళ్లీ గంటలో వందకి వచ్చేసింది.

అప్పుడు పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 0 చూశాను. పక్కనే హెచ్‌డీడీ, అంటే హార్డ్ డిస్క్ అని రాసి ఉంది. మీకూ అదే మాట కనబడి, డిస్క్ ఎప్పుడూ వంద దగ్గరే ఉంటే ఇక సెట్టింగ్స్‌లో వెతుక్కోవడం దండగ. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూది ఒకచోటు నుంచి ఇంకోచోటుకి కదలాలి. ఇప్పటి విండోస్ ఒకేసారి వందచోట్ల చిన్నచిన్న ముక్కలు అడుగుతుంది. సూది పరిగెత్తలేక అక్కడే నలిగిపోతుంది.

మా అబ్బాయి క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూపించాడు. డిస్క్ ఆరోగ్యం గుడ్ అని నీలం రంగులో ఉండాలి. నాది పసుపు రంగులో కాషన్ అంది. చదవలేకపోయిన సెక్టార్లు కొన్ని పెండింగ్‌లో ఉన్నాయట. అంటే డిస్క్ అప్పటికే చావుబతుకుల్లో ఉంది. అప్‌గ్రేడ్ అనే పెద్ద బరువు పడేసరికి ఆ సంగతి బయటపడింది. నేనేమో నాలుగు రోజులు విండోస్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. పసుపు గానీ ఎరుపు గానీ కనబడితే ఇంకే ప్రయోగాలూ వద్దు. డిస్క్ మీద చెదిరిన ముక్కల్ని ఒకచోట సర్దే డీఫ్రాగ్ అసలు చేయకండి. ఇంకా కాపీ చేయని ఫైళ్లుంటే ముందు అవి బయటికి తీయండి. మిగతావన్నీ ఇంట్లో డిస్క్‌లో ఉన్నాయి, నాకు కాపీ చేయాల్సినవి ఆ నాలుగు రోజుల ఫైళ్లే కాబట్టి గుండె ఆగలేదు.

హార్డ్ డిస్క్ బదులు పెట్టే 500 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. అందులో తిరిగే భాగం ఏదీ ఉండదు. మామూలు సాటా రకం సెకనుకి 500 ఎంబీకి పైగా చదువుతుంది. దానికంటే ముఖ్యం, చిన్న ముక్కల్ని వెతకడంలో దానికి ఆలస్యమే తెలియదు. మదర్‌బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ రకం ఇంకా వేగం, కానీ పెళ్లి పత్రికలకి సాటా చాలు. పాత డిస్క్ బాగుంటే ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేయించుకోవచ్చు. నాది జబ్బు డిస్క్ కాబట్టి కొత్తగా విండోస్ వేయించాను. యాక్టివేషన్ పోతుందని భయపడ్డాను. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి డిస్క్ మార్చినా అదే యాక్టివేట్ అయింది. పుస్తకంలో ఆ రోజు పక్కన రాసుకున్నది: "31 సెకన్లు. రెండుసార్లు చూశాను."

మెమరీ సంగతి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉండాలని నిబంధన. కనీసం అంటే లేచి నిలబడటానికి, నడవడానికి కాదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, పేజ్‌మేకర్ తెరిచేసరికి నాది నిండిపోయేది. నిండాక మిగతాదాన్ని డిస్క్ మీద రాసుకుంటుంది, అందుకే డిస్క్ కూడా వందకి పోతుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర స్లాట్స్ యూజ్డ్ అని చూడండి. రెండింటిలో ఒకటే నిండిందని ఉంటే రెండోదాంట్లో అదే డీడీఆర్ రకం ఇంకోటి పెట్టుకోవచ్చు. నేను 8 జీబీది చేర్చాను.

మిగతావి

స్టార్టప్ యాప్స్ పేజీ కూడా టాస్క్ మేనేజర్‌లోనే ఉంది. ఆన్ చేయగానే వాటంతటవే లేచేవాళ్ల జాబితా అది. ప్రింటర్ హెల్పరూ, మీటింగ్ యాప్‌లూ, ఎప్పుడో వేసి మరచినవీ అన్నీ అక్కడ ఉంటాయి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, పిలిచినప్పుడే వస్తుంది. నేను పదకొండు ఆపాను. పేరు తెలియనిదాన్ని మాత్రం తెలుసుకోకుండా ముట్టుకోవద్దు.

విండోలు లాగుతుంటే గీతలు పడినట్టు, వీడియో ఆగి ఆగి వస్తున్నట్టు ఉంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదన్నమాట. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో తరచూ దొరుకుతుంది. లేకపోతే తయారీదారు సైట్ నుంచే దింపుకోండి. డ్రైవర్లు వెతికిపెడతామనే ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లకండి.

డీటీపీ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఫాంట్లు. సీడీలు దొరికినప్పుడల్లా అన్నీ వేసేసుకునే జబ్బు మన అందరికీ ఉంది. నా దగ్గర మూడు వేల పైచిలుకు తేలాయి. డిజైన్ ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ వాటి జాబితా చదవాలి. నిజంగా వాడే తెలుగు ఫాంట్లు ముప్పై, ఇంగ్లీషువి ఇంకో యాభై ఉంచి, మిగతావి ఒక ఫోల్డర్‌లో దాచి, సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, ఫాంట్స్ నుంచి తీసేశాను. సిస్టమ్ సొంత ఫాంట్లు ఏవో తెలియకపోతే వాటిని వదిలేయండి.

దుమ్ము గురించి మన ఊళ్లో వేరే చెప్పాలి. మా షాపు హైవే పక్కన. మా పిన్ని ఉండే వన్‌టౌన్‌లోనైతే కిటికీ పట్టీ తుడిస్తే గుడ్డకి బొగ్గు మసే. దానికి సముద్రపు తేమ కలిస్తే ప్రాసెసర్ వేడిని లాగే హీట్ సింక్ రెక్కల మధ్య దుమ్ము పొడిగా ఉండదు, జిగురుముద్దలా గడ్డకడుతుంది. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సీపీయూ పేజీలో స్పీడ్ చూడండి. నాది 3.6 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది, పెద్ద పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే 1.3కి పడిపోయింది. ప్లగ్ పీకి, పెయింట్ బ్రష్‌తో ముద్దలు రాల్చి, బ్లోయర్ కొట్టించాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా పెన్సిల్ అడ్డం పెట్టాలి. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించాను. ర్యామ్ బయటికి తీసి, కాళ్ల మీద పట్టిన పొరని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాడు మెకానిక్ తమ్ముడు. సముద్రం దగ్గరున్నవాళ్లు ఏడాదికోసారి ఈ పని చేయించుకోవాలని అతని మాట, నాకూ సబబే అనిపించింది.

ఇక దండగ పనులు. "పీసీ ఫాస్ట్" చేస్తానన్న ఒక బూస్టర్ వేశాను. అది తనే స్టార్టప్‌లో కూర్చుంది. ఉచితంగా వచ్చిన రెండో యాంటీవైరస్ కూడా తీసేశాను. ఒక యాంటీవైరస్ చాలు, అన్నీ తీసేస్తే డిఫెండర్ తనంతట తనే కాపలాకి వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్, ఎఫ్, సి అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, దానికి అంటిపెట్టి స్కాన్‌నౌ అని కొడితే చెడిన సిస్టమ్ ఫైళ్లు సరిచేస్తుంది. నాకు ఏ లోపమూ లేదంది. ప్రోగ్రామ్‌లు ఊరికే మూసుకుపోతుంటే మాత్రం మీరు తప్పక చేయండి.

ఎస్ఎస్‌డీ, ర్యామ్, దుమ్ము, ఫాంట్లు అన్నీ అయ్యాక ఆన్ అవడానికి 24 సెకన్లు, పేజ్‌మేకర్‌కి ఐదు. భీమిలి పెద్దాయన పత్రికలు తీసుకెళ్లడానికి వచ్చి, ఈసారి స్టూలు మీద కూర్చోకుండానే వెళ్లిపోయారు.

రెండో సిస్టమ్‌కి 11 అడిగే సెక్యూరిటీ చిప్ టీపీఎం 2.0 లేదు, 11 తీసుకోదు. అడ్డదారిన వేస్తానని తమ్ముడన్నాడు, వద్దన్నాను. విండోస్ 10 వాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, ఇంటర్నెట్ వాడేవాళ్లకి ఆ దారి ఉంది. నాది ప్రింట్లకే కాబట్టి నెట్ కేబుల్ పీకేసి చుట్టి మేకుకి తగిలించాను. పిల్లలు పెన్‌డ్రైవ్ తెస్తే ముందు పెద్ద సిస్టమ్‌లో స్కాన్ చేసి, ఆ తర్వాతే దాంట్లో పెడుతున్నాను.