గులాబీ పూత ఆగకుండా ఉండాలంటే

గులాబీ రేకులు రాలడం మొదలవగానే ఆ పువ్వును కొమ్మ మీద వదిలేయకండి. వదిలేస్తే మొక్క తన బలాన్ని కాయ కట్టడానికి పెడుతుంది, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి. చాలామంది పువ్వు ఒక్కటే గిల్లేసి ఊరుకుంటారు, అది చాలదు. పువ్వు దగ్గర్నుంచి కిందికి చూసుకుంటూ రండి. ముందు మూడేసి చిట్టాకులున్న ఆకులు కనిపిస్తాయి, ఆ తర్వాత ఐదేసి ఉన్నవి. ఐదు చిట్టాకుల ఆకు మొదట్లో, కొమ్మను ఆనుకుని చిన్న ఎర్రటి కన్ను, అంటే చిగురు వచ్చే బుడిపె, ఉంటుంది. మొక్కకు బయటివైపు తిరిగిన కన్ను చూసుకుని, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కత్తిరించండి. కొత్త చిగురు అక్కడే వేస్తుంది, దాదాపు ఆరేడు వారాల్లో మళ్లీ పూస్తుంది. కత్తెర మాత్రం పదునుగా ఉండాలి. నలిగిన కొమ్మ పైనుంచి నల్లగా ఎండుకుంటూ వస్తుంది.

ఇంకో సంగతి. నర్సరీ గులాబీలు చాలావరకు అంటు మొక్కలే, అంటే అడవి గులాబీ మొదలు మీద మంచి రకాన్ని అతికించినవి. అంటు కట్టిన ముడి కింద నుంచి వచ్చే పిలకలు ఏపుగా పెరుగుతుంటే ముచ్చటేస్తుంది కానీ, అవి కింది అడవి గులాబీవి. పైపైన కత్తిరిస్తే మళ్లీ వస్తాయి, మొదలంటా లాగేయండి. లేకపోతే పై మొక్క క్రమంగా నీరసించిపోతుంది.

నీళ్లు పొద్దున్నే, పాదులోనే పోయండి. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. మన దగ్గర వానలు తగ్గాక, అక్టోబరులో ఒకసారి గట్టిగా కత్తిరించి బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే డిసెంబరుకి మొక్క నిండా పూలే.