సైకిల్ టైర్లకు గాలి కొట్టే చిన్న ఎయిర్ కంప్రెసర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో రెండు మూడు సైకిళ్లు ఉండి, వాటన్నిటికీ చేతి పంపుతో తరచూ గాలి కొట్టడం భారమైనప్పుడు చిన్న కంప్రెసర్ కొనుక్కుందామన్న ఆలోచన వస్తుంది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో మోటారు శక్తి, గరిష్ఠ పీడనం కనిపిస్తాయి కాబట్టి చాలామంది ఆ రెండు అంకెలను పోల్చి చూసుకుని కొనేస్తారు. సైకిల్ టైరులో పట్టే గాలి చాలా తక్కువ గనుక, మోటారు శక్తి కన్నా గొట్టం చివరి నాజిల్ మీ వాల్వుకు సరిపోతుందా, పీడనాన్ని చూపే గేజ్ నిజం చెబుతుందా అన్నవే ముఖ్యమని నా నమ్మకం.

మొదట టైరు పక్కగోడను చదవండి

టైరు పక్కభాగంలో 25-622 వంటి కొలత ఒకటి, పీఎస్ఐలలోనో బార్‌లలోనో పీడనం ఒకటి అచ్చై ఉంటాయి. కొలతలో మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. సన్నటి రోడ్డు సైకిల్ టైర్లకు సాధారణంగా 80 నుంచి 100 పీఎస్ఐ, మామూలు సైకిళ్లకు 50 నుంచి 70, వెడల్పాటి మౌంటెన్ బైక్ టైర్లకు 20 నుంచి 35 వరకు సరిపోతుంది. టైరు మీద ఒక గరిష్ఠ పరిమితి, రిమ్ము మీద మరొకటి ఉంటే రెండింటిలో తక్కువదాన్నే పాటించాలి. ముఖ్యంగా అంచున కొక్కెం లేని రిమ్ములకు పరిమితి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ మాత్రమే. ఇంట్లోని సైకిళ్లన్నిటికీ కావలసిన పీడనాలను ఒక కాగితం మీద రాసుకోండి. మీ ఎంపికను నిర్ణయించేది ఆ జాబితాలోని అత్యధిక అంకె, అత్యల్ప అంకె.

మోటారు తిరిగి మొదలయ్యే పీడనాన్ని అడగండి

ట్యాంకు ఉన్న కంప్రెసర్‌లో పీడనం ఒక స్థాయికి చేరగానే మోటారు ఆగుతుంది. గాలి వాడుకున్నకొద్దీ పీడనం తగ్గి, మరొక స్థాయికి దిగాకే అది మళ్లీ మొదలవుతుంది. చిన్న యంత్రాలలో ఎక్కువగా 8 బార్ల దగ్గర, అంటే 116 పీఎస్ఐ దగ్గర ఆగి, సుమారు 6 బార్ల దగ్గర, అంటే 87 పీఎస్ఐ దగ్గర తిరిగి మొదలయ్యేవే కనిపిస్తాయి. మీ టైరుకు 100 పీఎస్ఐ కావాలనుకోండి. ట్యాంకులో 92 ఉన్నప్పుడు మోటారు కదలదు, టైరులోకి 92కు మించి గాలి ఎక్కదు. పెట్టె మీద 116 అని ఉన్నా టైరు మెత్తగానే ఉండిపోవడానికి కారణం ఇదే. రోడ్డు సైకిల్ ఉన్నవారు ఆగే పీడనంతో పాటు తిరిగి మొదలయ్యే పీడనాన్ని కూడా తప్పక అడిగి తెలుసుకోవాలి. అది మీ టైరు అవసరం కన్నా పైనే ఉండాలి.

వాల్వు ఏదో చూసుకోండి

కారు, మోటారు సైకిల్ టైర్లకు ఉండే లావుపాటి ష్రేడర్ వాల్వు మీ సైకిల్‌కు ఉంటే దాదాపు ఏ కంప్రెసర్ నాజిలైనా నేరుగా పడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉండి కొనలో చిన్న మర ఉన్నది ప్రెస్టా వాల్వు. దీనికి ఆ నాజిల్ పట్టదు కాబట్టి రెండు రకాలకూ పనికివచ్చే నాజిలైనా ఉండాలి, చిన్న ఇత్తడి అడాప్టరైనా కొనుక్కోవాలి. ప్రెస్టాకు గాలి పట్టే ముందు కొనలోని మరను వేళ్లతో వదులు చేసి, వేలి కొనతో ఒక్కసారి లోపలికి నొక్కాలి. చిన్నగా బుస్సుమని గాలి వస్తే లోపలి మూత కదిలినట్టు. ఈ పని మరచిపోతే మూత రబ్బరుకు అతుక్కునే ఉండి, యంత్రం ఎంత తోసినా గాలి లోపలికి వెళ్లకపోవచ్చు. పాతకాలపు సైకిళ్లలో లోపల చిన్న రబ్బరు గొట్టంతో ఉండే డన్‌లప్ వాల్వుకు వేరే అడాప్టర్ కావాలి. పైగా ఆ వాల్వు ద్వారా టైరు లోపలి పీడనాన్ని గేజ్ సరిగా చూపలేదు కనుక, బొటనవేలితో టైరును నొక్కి చూసుకోవడమే మార్గం.

ట్యాంకు కావాలా, వద్దా?

25 మిల్లీమీటర్ల రోడ్డు టైరు లోపలి పరిమాణం సుమారు ఒక లీటరు. దాన్ని 7 బార్ల వరకు నింపాలంటే బయటి గాలి 7 లీటర్లు చాలు. ఒక ఘనపుటడుగు అంటే 28 లీటర్లకు పైనే కాబట్టి, నిమిషానికి అర ఘనపుటడుగు గాలి ఇచ్చే యంత్రం కూడా ఆ పనిని అర నిమిషంలోనే ముగిస్తుంది. ట్యూబు ఉన్న టైర్లకైతే ట్యాంకు లేని, అరచేతిలో పట్టే బ్యాటరీ యంత్రమే హాయి. కావలసిన పీడనం ముందే పెట్టుకుంటే అక్కడికి చేరగానే తానే ఆగే రకాన్ని ఎంచుకోండి. అలాంటివి కాసేపటికే వేడెక్కుతాయి గనుక రెండు టైర్ల మధ్య కొంత విరామం ఇవ్వాలి.

ట్యూబ్‌లెస్ టైర్లు బిగించేవారి సంగతి వేరు. టైరు అంచు రిమ్ము గాడిలో కూర్చునేదాకా చుట్టూ సందుల్లోంచి గాలి కారిపోతూనే ఉంటుంది. ఆ కారడం కన్నా వేగంగా ఒక్కసారిగా గాలి దూసుకువస్తేనే అంచు టప్పుమని కూర్చుంటుంది, అందుకు ట్యాంకు కావాలి. 29 అంగుళాల చక్రానికి వేసే వెడల్పాటి టైరులో సుమారు ఐదున్నర లీటర్లు పడుతుంది. దాన్ని 2 బార్లకు నింపితే 6 లీటర్ల ట్యాంకు పీడనంలో తగ్గేది 2 బార్ల లోపే కాబట్టి, ఇంటి అవసరానికి అంతకన్నా పెద్ద ట్యాంకు అక్కరలేదు.

గేజ్‌ను నమ్మవచ్చో లేదో తేల్చుకోండి

ముల్లు గేజ్‌లో తేడాను సాధారణంగా మొత్తం కొలతలో శాతంగా చెబుతారు. 160 పీఎస్ఐ దాకా చూపే గేజ్‌కు 3 శాతం తేడా అంటే దాదాపు 5 పీఎస్ఐ. ఇది 100 పీఎస్ఐ దగ్గర లెక్కలోకి రాదు కానీ, 25 పీఎస్ఐ పెట్టవలసిన మౌంటెన్ బైక్ టైరులో ఐదో వంతు తేడా అవుతుంది. వెడల్పాటి టైర్లున్నవారు 60 పీఎస్ఐ వరకు మాత్రమే చూపే చిన్న గేజ్‌ను విడిగా కొనుక్కోవడం మంచిది.

ఇక మిగిలినవి. నూనె అవసరం లేని రకం సైకిళ్లకు చాలు, నిర్వహణ కూడా తక్కువ. శబ్దం మాత్రం మోడల్‌ను బట్టి బాగా మారుతుంది కాబట్టి, పక్క గదిలో పసిపిల్లలు నిద్రపోయే ఇంట్లో డెసిబెల్ అంకెను పోల్చి చూడండి. ట్యాంకు రకానికి సేఫ్టీ వాల్వు, బయటికి వచ్చే గాలి పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్, అడుగున నీరు వదిలే మర తప్పనిసరి.

ఇంటికి తెచ్చాక

ట్యాంకు యంత్రాన్ని సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించకండి. వోల్టేజీ తగ్గితే మోటారు మొదలు కావడానికి కష్టపడి వేడెక్కుతుంది. తీగను పెంచే బదులు గాలి గొట్టాన్ని పెంచుకోవచ్చు. రెగ్యులేటర్‌ను టైరుకు కావలసిన పీడనం కన్నా కాస్త పైన మాత్రమే పెట్టి, ట్రిగ్గర్‌ను ఒకటి రెండు సెకన్ల చొప్పున నొక్కుతూ ప్రతిసారీ గేజ్ చూడండి, ఎందుకంటే లీటరు గాలి పట్టే టైరు పరిమితి దాటడానికి ఎంతోసేపు పట్టదు. టైరు రిమ్ము చుట్టూ సమంగా కూర్చుందో లేదో సగం నిండినప్పుడే చక్రం తిప్పి చూసుకోవాలి. పని ముగిశాక ప్లగ్గు తీసి, ట్యాంకులోని పీడనాన్ని బాగా తగ్గించి, అడుగు మరను నెమ్మదిగా విప్పండి. గాలిలోని తేమ లోపల నీరుగా మారి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది కనుక, ఆ నీరంతా కారిపోయేదాకా యంత్రాన్ని కొద్దిగా వంచి ఉంచి, ఆ తర్వాతే మరను బిగించండి.