శాటిలైట్ అంచనా కంటే ముందే వచ్చేస్తోందా? నాకు పనిచేసిన పద్ధతి

భూమికి దగ్గరి కక్ష్యలోని ఒక శాటిలైట్ రేడియో సిగ్నల్‌ను అందుకుంటుంటే, అది ప్రతి పాస్‌లోనూ (మన ఆకాశం మీదుగా వెళ్లే ప్రతిసారీ) సాఫ్ట్‌వేర్ అంచనా కంటే 4 సెకన్లు ముందే వచ్చేది. గడియారం సింక్ చేశాను, అక్షాంశ రేఖాంశాలు సరిచూశాను, సాఫ్ట్‌వేర్ మార్చాను, లాభం లేదు.

చివరికి పాస్ మొత్తం సిగ్నల్ రికార్డ్ చేసి, వాటర్‌ఫాల్‌లో (సమయంతో పాటు ఫ్రీక్వెన్సీ ఎలా మారిందో చూపే చిత్రంలో) ఫ్రీక్వెన్సీ అన్నిటికంటే వేగంగా పడిపోయే క్షణం పట్టుకున్నాను. శాటిలైట్ మనకు అతి దగ్గరగా వచ్చేది అప్పుడే. దాన్ని అంచనా సమయంతో పోల్చాను. రోజుకు 15 చుట్లు తిరిగేదైతే కక్ష్యలో సెకనుకు 0.0625 డిగ్రీలు కదులుతుంది. అంటే 4 సెకన్లకు 0.25. ముందే వస్తోంది కాబట్టి టీఎల్ఈ (శాటిలైట్ కక్ష్య వివరాలుండే రెండు లైన్ల డేటా) రెండో లైన్లో మీన్ అనామలీకి (కక్ష్యలో శాటిలైట్ ఎంత దూరం వచ్చిందో చెప్పే కోణానికి) అంత కలిపాను. లైన్‌లో తప్పుల్లేవని సరిచూసే చివరి చెక్‌సమ్ అంకె కూడా మార్చాలి, లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ టీఎల్ఈని తీసుకోవు. తర్వాతి పాస్ సరిగ్గా అంచనా టైముకే వచ్చింది, ఎంత సంతోషమో!

ఇది దాదాపు వృత్తాకార కక్ష్యలకే, అదీ కొద్ది రోజులకే. తేడా పాస్ పాస్‌కీ పెరుగుతుంటే మాత్రం మీన్ మోషన్‌నో (రోజుకు ఎన్ని చుట్లు అనే విలువ), డ్రాగ్‌నో (గాలి నిరోధం) అనుమానించాలి.